కన్నిచ్చిన కాయ: ఇచ్చిందా, విచ్చిందా?

కావలి మిద్దెతోట:
నిన్న పొద్దున మిద్దె మీద, డ్రమ్ములో పెంచిన సీతాఫలం చెట్టు దగ్గర నిలబడి కాయ కొయ్యాలా, ఇంకో రెండు రోజులు ఆగాలా అని చూస్తుంటే మా అవ్వ మాట సగం గుర్తొచ్చింది. అవ్వది వింజమూరు. కొండకాయలు గంపలో దిగితే ఒక్కొక్కటే తిప్పి చూసి, "కన్నిచ్చిన కాయ గాదెకి..." అంటా ఉండేది. మంచివి వడ్లలో మాగేసేది. రెండో సగంలో పనికిరాని కాయ ఎక్కడికి పోవాలో ఉంటుంది, అది పూర్తిగా పోయింది. రాత్రంతా అదే ధ్యాస. నా అసలు సందేహం ఇంకోటి. ఆ "కన్నిచ్చిన" కన్ను + ఇచ్చిన అవునా, కన్ను + విచ్చిన అవునా?

ఉదయగిరి దుర్గం:
విచ్చినే అక్కా. మన పక్క పదం మొదట్లో వి నిలవదు. వినపడలా అనం, ఇనపడలా అంటాం. విరిగింది ఇరిగింది, విడిచిపెట్టు ఇడిచిపెట్టు. కాయ పక్వానికొస్తే గడుల మధ్య గాడి వెడల్పయి, అందులో మీగడ రంగు తేలుతుంది. మూసుకున్న రెప్ప తెరుచుకున్నట్టే ఉంటుంది. అదే కన్ను విచ్చడం. రెండో సగం "మేకకి" అయి ఉంటుంది.

పొదిలి వైపు:
మేకకి మాత్రం కాదన్నా. చుట్టూ ఎండిపోయినా సీతాఫలం ఆకు మేక ముట్టదు. కొండల్లో ఆ చెట్టు ఇంతగా మిగిలిందే అందుకు. ఆకే ముట్టని దానికి ముదరని కాయ పెట్టమని ఏ అవ్వా చెప్పదు.

ఒంగోలు మాష్టారు:
విచ్చేది పువ్వమ్మా, కన్ను కాదు. కన్నును విప్పుతాం. అందుకే కనువిప్పు అన్న మాట పుట్టింది. పైగా "కన్నువిచ్చిన"లో వకారం పోవాలి, ఆ తర్వాత ఉకారమూ పోవాలి. కన్ను + ఇచ్చిన అయితే ఒక్క ఉత్వ సంధితో పని అయిపోతుంది. చెట్టు కాపునిచ్చింది, ఆవు పాలిచ్చింది అంటాం కదా, కాయ కన్నిచ్చింది. చెరుకుకి కన్ను, కొబ్బరికి కన్ను, నెమలి ఈకకీ కన్ను. కన్నంటే చూసేదే కానక్కర్లేదు.

నెల్లూరు మూలాపేట:
మాష్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. విప్పు సకర్మకం, విచ్చు అకర్మకం. మనిషి కన్ను విప్పుతాడు. కాయ తన కన్ను తాను విప్పదు, అది దానంతటదే విచ్చుకుంటుంది. ఆ తేడా తెలిసిన నోటి నుంచి వచ్చిన మాట ఇది. ఇంత చిన్న క్రియలతో పని నడిపించడం మన ఊరికి తిక్కన నాటి నుంచి ఉంది. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల్లో ఆయన మనుషుల చేత మాట్లాడించిన తీరు చూడండి. కోపమైనా ఎత్తిపొడుపైనా నాలుగు తెలుగు మాటల్లో తేలిపోతుంది. ఈ సామెత వయసూ అంతే ఉంటుందని నా నమ్మకం.

పొదిలి వైపు:
తిక్కన 13వ శతాబ్దం. సీతాఫలం పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం, మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్ళు. వాస్కోడగామా కాలికట్ చేరిందే 1498లో. తిక్కనే కాదు, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న మా ఎర్రన కూడా ఈ కాయ తిని ఉండడు. క్రీస్తుకు ముందునాటి భార్హుత్ బౌద్ధ స్తూపం మీద చెక్కింది సీతాఫలమేనని పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ రాశాడు, నిజమే. రాతిలో గుండ్రంగా గడులున్నదల్లా సీతాఫలం అయిపోదు.

గూడూరు:
పేరు సంగతీ తేల్చండి. మా బజారులో "శీతాఫలం" అని బోర్డు పెట్టారు. తింటే చలవ కాబట్టి శీత అనే కదా?

ఒంగోలు మాష్టారు:
శీత కాదు, సీతే. పక్కన రామాఫలం, లక్ష్మణఫలం ఉన్నాయి చూడండి. చలవ నుంచి పేరొస్తే వాటికి ఆ వరస ఎందుకు? సీత అంటే నాగటి చాలు కూడా. కాయ మీది గాళ్ళకి అది అందంగా అతుకుతుంది గానీ, నేను అంత దూరం పోను. ఢిల్లీలో సీతాఫల్ అడిగితే గుమ్మడికాయ చేతిలో పెడతారు, జాగ్రత్త. ఇక శ, స తేడా నోటికి పట్టకపోతే అర్థం ఎక్కడికో పోతుంది. తేనె సోకగానే నోరు తీపెక్కినట్టు, మాట వినగానే అర్థం తోచాలంది మొల్ల. ఆమె ఊరు గోపవరం మాదంటే మాదని రెండు జిల్లాలు పోట్లాడుకుంటాయి గానీ, ఆ మాట పట్టించుకునేవాళ్ళు తక్కువ.

కావలి మిద్దెతోట:
మాష్టారూ, మీ "ఇచ్చిన"కి నా చెట్టు నుంచి ఒక సాక్ష్యం దొరికింది. సీతాఫలం పువ్వు ముందు ఆడ, తర్వాత మగ. దాని పుప్పొడి దానికి అందదు. చిన్న పురుగులు మోసుకురావాలి. మా మిద్దె మీద అవి తక్కువ, వడగాలికి పుప్పొడి అందుకునే కీలాగ్రమూ ఆరిపోతుంది. అందుకని పూర్తిగా విచ్చిన పువ్వు నుంచి పుప్పొడి తీసి, రెక్కలు అప్పుడే ఎడమవుతున్న పువ్వులో పొద్దున్నే బ్రష్షుతో అద్దుతున్నాను. ఒక్కో గడి పువ్వులోని ఒక్కో విడి అండాశయం. పుప్పొడి అందిన గడి ఉబ్బుతుంది, అందనిది లోపలికి పోయి కాయ వంకర తిరుగుతుంది. నిన్నటి కాయకి ఒక పక్కన నాలుగు గడులు నొక్కుకుపోయి ఉన్నాయి. అవ్వ "కన్నిచ్చిన" అన్నది మాగే సంగతి కాక, గడులన్నీ నిండిన కాయ అనే అర్థంలో ఏమో?

ఉదయగిరి దుర్గం:
గాదెలో వేసేది మాగడానికే కదక్కా. వంకర కాయ కూడా మాగుతుంది, మా ఇంట్లో అవే ముందు అయిపోతాయి. ముదరనిది మాత్రం గాదెలో ఎన్నాళ్ళున్నా నల్లబడి రాయి అవుతుంది. వేరుచేయాల్సింది దాన్నే. గాళ్ళల్లో తెల్లగా దూదిలా ఉందేమో కూడా చూసుకో. అది పిండినల్లి, పక్వం కాదు. దూరానికి రెండూ ఒకేలా కనపడతాయి.

గూడూరు:
మా పెరట్లో అటెమోయా ఉంది. దాని మీద గడులు కలిసిపోయి నున్నగా ఉంటాయి. కన్నూ లేదు, ఇవ్వడమూ లేదు, విచ్చడమూ లేదు. రంగు పలచబడిందా అని చూసి కోస్తున్నాను.

పొదిలి వైపు:
అది సీతాఫలానికీ చెరిమోయాకీ పుట్టిన బిడ్డ. 1908లో ఫ్లోరిడాలో వెస్టర్ అనే ఆయన ఈ సంకరం చేశాడు. సీతాఫలానికి మెక్సికోలో ఉన్న "అతె" అన్న పాత పేరూ, చెరిమోయాలోని "మోయా" కలిపి పేరు పెట్టారు. చెరిమోయాది చల్లని కొండల సీమ కాబట్టి మన ఎండకి తడబడుతుంది. దాని బదులు బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క సహన్ పెట్టుకోండి. అందులోనూ అటెమోయా రక్తమే ఉంది, గింజలూ తక్కువ.

కనిగిరి:
ఇన్ని మాటలయ్యాయి గానీ అసలు కీలకం రెండో సగంలోనే ఉంది. అక్కడ వ్యతిరేకార్థం రావాలి కదా. ఇచ్చు అయితే "కన్నియ్యని కాయ" అవుతుంది. విచ్చు అయితే వకారం పోయినా "కన్నిచ్చని కాయ" అనే అంటారు. ఆ ఒక్క అక్షరం యకారమా, చకారమా? అది విన్న చెవి ఒక్కటి దొరికితే చాలు.

నెల్లూరు మూలాపేట:
అద్భుతమైన పరీక్ష. చకారమే వస్తుంది, రాసిపెట్టుకోండి.

కావలి మిద్దెతోట:
వింజమూరులో మా పెద్దమ్మకి ఇప్పుడే ఫోన్ చేశాను. సామెత అడగలేదు, అడిగితే సర్ది చెప్తుందని. చెట్టు మీద కాయ ఉంది, కొయ్యమంటావా పెద్దమ్మా అన్నాను. "కన్నియ్యకుండా కోస్తే ఏం లాభం" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. సరిగా వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాను. "కన్నిచ్చకుండా కొయ్యబాక బిడ్డా" అంది.

ఒంగోలు మాష్టారు:
మొదటిసారి అన్నదే లెక్క. అప్పుడు ఆలోచించకుండా అంది.

ఉదయగిరి దుర్గం:
రెండోసారి విడమరిచి చెప్పింది మాష్టారూ, లెక్క అదే.

కనిగిరి:
అక్కా, గాదెకి తర్వాత ఏమొస్తుందో అడిగావా? మా నాయనమ్మ "కంపకి" అనేదని లీలగా గుర్తు. కంపలో పారెయ్యమనా, కాయని కొమ్మ మీదే వదిలెయ్యమనా, అదీ తెలియలేదు.

కావలి మిద్దెతోట:
అడగలేదు. ఈ ఆదివారం వింజమూరు పోతా ఉండా. కాయ ఇంకా కొయ్యలేదు, దాన్ని పెద్దమ్మకి ఫోటో తీసి చూపిస్తాను.