ఘాట్ రోడ్డులో కార్ల మధ్య కంటెంట్ రూటింగ్: క్యాష్ హిట్లు సున్నా, సాయం చేయండి

అలిపిరి_ఎంటెక్:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు రాత్రి రెండు. తిరుమల ఘాట్‌లో కొండచరియ విరిగిపడితే ఆ కబురు కారు నుంచి కారుకు అందేలా ఎన్‌డీఎన్‌సిమ్‌లో (డేటాను పేరుతో అడిగే ఎన్‌డీఎన్ నెట్‌వర్క్‌ల సిమ్యులేటర్) రాశాను. ఆర్‌ఎస్‌యూ (రోడ్డు పక్కన పెట్టే రేడియో యూనిట్) పక్కనున్న కారు అడిగితే డేటా వస్తోంది. మూడు కార్ల వెనకున్నది అడిగితే ఏమీ రాదు. కంటెంట్ స్టోర్ (కారులో డేటా దాచుకునే క్యాష్) వంద ప్యాకెట్ల నుంచి పదివేలకు పెంచినా అంతే. ఎల్లుండి గైడ్‌కు చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

సుమో_సామి:
మ్యాప్‌లో ఏ దారి తీసుకున్నావు నాయనా? 1944 నాటి మొదటి ఘాట్‌లో ఇప్పుడు దిగడమే, ఎక్కడానికి రెండోది. హైవే మీదయితే ఎదురొచ్చే బండి కబురు మోసుకొచ్చి వెనకవాళ్లకు అందిస్తుంది. ఇక్కడ ఎదురొచ్చే బండే ఉండదు. పైగా ప్రతి మలుపులో కొండ అడ్డం. ఆ అడ్డం పెట్టకుండా మైదానంలో నడిపినట్టు సిగ్నల్ నడిపితే అది మన ఘాట్ కాదు. రోజూ ఆ దారిన తిరిగేవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

అలిపిరి_ఎంటెక్:
అది తర్వాత కలుపుతా సార్. ప్రస్తుతం వరుసగా పది కార్లు, అంతే.

పాకాల_77:
స్ట్రాటజీ, అంటే ప్యాకెట్‌ను ఎటు పంపాలో తేల్చే పద్ధతి, ఏది? ఫేస్ (ప్యాకెట్లు వచ్చిపోయే ద్వారం) లింక్ టైప్ ఏంటి?

అలిపిరి_ఎంటెక్:
మల్టీకాస్ట్. వైఫై అడ్‌హాక్ మోడ్‌లోనే ఉందన్నా, బండ్ల కోసం చేసిన 802.11పి. లింక్ టైప్ ముట్టుకోలేదు.

పాకాల_77:
అక్కడే ఉంది. వైఫై మోడ్ వేరు, ఫేస్ లింక్ టైప్ వేరు. కారుకు ఉన్నది ఒక్క రేడియో, కాబట్టి ఇంటరెస్ట్ (డేటా కావాలని అడిగే ప్యాకెట్) వచ్చిన ఫేస్ నుంచే మళ్లీ బయటికి వెళ్లాలి. ఫేస్‌ను అడ్‌హాక్ అని చెప్పకపోతే ఎన్‌ఎఫ్‌డీ (ప్యాకెట్లను ముందుకు పంపే ఎన్‌డీఎన్ ప్రోగ్రామ్) అలా పంపదు. మధ్య కార్లలోకి డేటానే రానప్పుడు స్టోర్ ఎంత పెంచితే ఏం లాభం?

పీహెచ్‌డీ_మదనపల్లె:
శీర్షికలో రూటింగ్ అన్నారు, సరిదిద్దుకోండి. ఎఫ్‌ఐబీని, అంటే ఏ పేరును ఎటు పంపాలో చెప్పే పట్టికను, నింపేది రూటింగ్. మీది ఫార్వర్డింగ్ సమస్య, అంటే వచ్చిన ప్యాకెట్‌ను ముందుకు పంపడంలో. థీసిస్‌లో ఈ తప్పు దొర్లితే వైవాలో పట్టుకుంటారు.

సుమో_సామి:
కదిలే బండ్లలో దారి వెతకడాన్ని అందరూ రూటింగ్ అనే అంటారు కదండీ.

పీహెచ్‌డీ_మదనపల్లె:
ఐపీ నెట్‌వర్క్‌లలో అంటారు. ఇక్కడ ప్యాకెట్ వెళ్లేది పేరును బట్టి, చిరునామాను బట్టి కాదు.

పాకాల_77:
ఇంకొకటి. తాను అడగకుండా గాలిలో విన్న డేటాను ఎన్‌ఎఫ్‌డీ దాచదు, పారేస్తుంది. పక్క కార్లు కూడా దాచుకోవాలంటే అన్‌సొలిసిటెడ్ డేటా పాలసీ మార్చు.

అలిపిరి_ఎంటెక్:
లింక్ టైప్ మార్చా, నాలుగో కారుకు డేటా వచ్చింది! థాంక్స్ అన్నా. ఏడో కారు దగ్గర మళ్లీ ఆగుతోంది, రేపు ల్యాబ్‌లో చూస్తా.