ర్యాప్ నుంచి జాజ్ దాకా వెనక్కి వెళ్ళాలంటే ఏ పుస్తకాలు కొనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కెండ్రిక్ లమార్ 2015 ఆల్బం ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ కొన్నాళ్ళుగా వదలకుండా వింటున్నాను. ర్యాప్ కంటే వెనకాల మోగే సాక్సోఫోన్, బేస్ గిటారే నన్ను లాగుతున్నాయి. ఈ సంగీతం ఎక్కణ్ణించి వచ్చిందో చదివి తెలుసుకోవాలని ఉంది. దిగుమతి పుస్తకాల ధరలు చూస్తే రెండు మూడుకి మించి కొనలేను. స్వరలిపి చదవడం రాదు. మంచి పత్రికలుంటే అవీ చెప్పండి.

జవాబు 1:
ఆ సాక్సోఫోన్ వాయించినవాళ్ళలో కమాసీ వాషింగ్టన్ ఒకరండీ. బేస్ థండర్‌క్యాట్‌ది. మొదటి పాటలో వినిపించే పెద్దాయన గొంతు జార్జ్ క్లింటన్‌ది, 1970ల్లో పార్లమెంట్, ఫంకడెలిక్ బృందాలను నడిపినాయన. కాబట్టి ముందు ఫంక్ వైపు, అంటే ఊపు మీదే నడిచే నల్లవాళ్ళ డాన్సు సంగీతం వైపు వెళ్ళండి. రికీ విన్సెంట్ రాసిన ‘ఫంక్’ (1996) తీసుకోండి, దానికి ముందుమాట రాసింది కూడా క్లింటనే.

నాలుగు దెబ్బల లయలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద ఊపు ఉండటం అప్పటి అలవాటు. ఫంక్‌కి దారి వేసిన గాయకుడు జేమ్స్ బ్రౌన్ బరువంతా మొదటి దెబ్బ మీదికి తెచ్చాడు. డ్రమ్ములు, బేస్, బాకాలు అన్నీ అక్కడ కలిసి పడి, ఆ తర్వాత ఎవరి దారిన వాళ్ళు పోతాయి. ఆయన ‘ఫంకీ డ్రమ్మర్’ పెట్టుకుని వినండి. అందులో డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఒంటరిగా వాయించిన ఆ కొద్ది సెకన్లను ఎన్ని ర్యాప్ పాటలు ఎత్తుకున్నాయో! పబ్లిక్ ఎనిమీ ‘ఫైట్ ద పవర్’ వాటిలో ఒకటి. వాయించినాయనకు మాత్రం దాని మీద దక్కింది దాదాపు ఏమీ లేదు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

జవాబు 2:
స్వరలిపి రాదన్నారు కాబట్టి డాన్ చార్నస్ ‘డిల్లా టైమ్’ (2022) తప్పక చదవండి. 2006లో 32 ఏళ్ళకే చనిపోయిన హిప్‌హాప్ సంగీత నిర్మాత జె డిల్లా కథ ఇది. ఎమ్‌పీసీ అనే, మీటలు నొక్కి డ్రమ్ము చప్పుళ్ళు, పాటల ముక్కలు పేర్చే యంత్రం మీద ఆయన ఒక డ్రమ్ము చప్పుడును వెంట్రుకవాసి ముందుకు, ఇంకోదాన్ని కాస్త వెనక్కి జరిపేవాడు. వింటుంటే లయ తూలుతున్నట్టుంటుంది, కానీ పడిపోదు. ఆ జరుపుడంతా గళ్ళ బొమ్మలతో చూపించారు. ఫోన్ తెర మీద ఆ బొమ్మలు ఇరుకైపోతాయి, అచ్చు ప్రతే కొనండి.

జవాబు 3:
జెఫ్ చాంగ్ ‘కాంట్ స్టాప్ వోంట్ స్టాప్’ (2005) సంగతేమిటి? హిప్‌హాప్ అనగానే అందరూ మొదట చెప్పేది అదే కదా.

జవాబు 1:
గొప్ప పుస్తకమే, కానీ ఇక్కడ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. హిప్‌హాప్ పుట్టిన న్యూయార్క్ పేట బ్రాంక్స్‌ను చీల్చుకుపోయిన ఎక్స్‌ప్రెస్‌వే, తగలబడిన ఇళ్ళు, ముఠాలు 1971లో చేసుకున్న రాజీ, 1973లో డీజే కూల్ హెర్క్ పార్టీ... చరిత్ర కోసం చదవాల్సింది. చప్పుడు గురించి తక్కువ.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. మరి సోల్, జాజ్?

జవాబు 1:
సోల్‌కి, అంటే చర్చి పాటల ఛాయలున్న నల్లవాళ్ళ పాటలకి, పీటర్ గురల్నిక్ ‘స్వీట్ సోల్ మ్యూజిక్’ (1986). అమెరికాలోని మెంఫిస్‌లో స్టాక్స్ అనే రికార్డు కంపెనీ మనుషుల కథ అందులో ఉంది. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు కలిసి కూర్చోవడానికి చోటు దొరకని ఊళ్ళో వాళ్ళు ఒకే గదిలో పాటలు కట్టారు. వాళ్ళ పాట ‘నాక్ ఆన్ వుడ్’ పుట్టిన లొరైన్ మోటెల్‌లోనే 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అది తెలిశాక ఆ పాట నాకు మునుపటిలా వినిపించలేదు.

జాజ్‌లో లావుపాటి చరిత్రలతో మొదలుపెట్టకండి, సగంలో వదిలేస్తారు. ఒకే ఆల్బం మీద రాసిన పుస్తకం పట్టుకోండి. ఆష్లీ కాన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ (2002) అలాంటిది. అదే పేరున్న ఆల్బం కోసం 1964 డిసెంబర్‌లో సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ చేసిన రికార్డింగ్ గురించి. కమాసీ సాక్సోఫోన్‌లో ఆ గాలి మీకే తగులుతుంది.

జవాబు 2:
పత్రికల్లో నా ఓటు ‘వాక్స్ పొయెటిక్స్’కి. 2001లో మొదలైంది. పాత రికార్డుల్లో పేరు చిన్నక్షరాల్లో ఉండే వాయిద్యకారులను వెతికి మరీ సుదీర్ఘంగా మాట్లాడిస్తారు. పాత సంచికలు విదేశాల నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చే తడిసి మోపెడవుతుంది. ఎంపిక చేసిన వ్యాసాలు సంకలనాలుగా వచ్చాయి, అవి చూడండి. జాజ్‌కి ‘డౌన్‌బీట్’, 1934 నుంచి వస్తోంది, డిజిటల్ చందా ఉంది. అందులో ‘బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్’ అనే శీర్షిక నాకు ప్రాణం. ఎవరు వాయించారో చెప్పకుండా ఒక సంగీతకారుడికి రికార్డు వినిపించి అభిప్రాయం అడుగుతారు. ఎలా వినాలో దాన్నుంచే నేర్చుకున్నాను. సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ పెట్టిన ‘వైబ్’ పత్రిక పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో డబ్బు కట్టకుండానే చదువుకోవచ్చు.

అడిగినవారు:
అయితే ‘ఫంక్’, ‘డిల్లా టైమ్’ కొంటాను. కోల్ట్రేన్ పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అరువుకి దొరుకుతుందేమో చూసి చెబుతాను.