టెక్సాస్‌లో మొదటి ఇల్లు: సంతకానికి ముందు తెలియవలసిన మాటలు

ఇర్వింగ్ నుంచి, శుక్రవారం రాత్రి

సభ్యులందరికీ నమస్కారం. నేను ఖమ్మం నుంచి ఈ దేశానికి వచ్చి పది నెలలైంది. హెచ్1బీ వీసా మీద పనిచేస్తూ ఇర్వింగ్‌లో అద్దెకు ఉంటున్నాను. ఫ్రిస్కోలో పన్నెండేళ్ల కిందట కట్టిన ఒక ఇల్లు నచ్చి ఆఫర్ పెట్టగా, నిన్న గురువారం అమ్మేవారు అంగీకరించి సంతకం చేశారు. మా నాన్నగారు స్థలాలు కొన్నప్పుడు ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు పరిశీలించడం దగ్గరుండి చూసినవాడినే అయినా, ఇక్కడి కాంట్రాక్టులోని మాటలు నాకు అంతుపట్టడం లేదు. ఆప్షన్, ఎస్క్రో, టైటిల్ పాలసీ, డీడ్ ఆఫ్ ట్రస్ట్ అనేవి ఏమిటో, ఇన్సూరెన్స్ అనే మాట నాలుగు చోట్ల నాలుగు వేర్వేరు మొత్తాలతో ఎందుకు కనిపిస్తున్నదో పెద్దలెవరైనా వివరించగలరా? నా భార్య వచ్చే నెలాఖరు దాకా ఖమ్మంలోనే ఉంటుంది.

ప్లేనో నుంచి, శనివారం ఉదయం

తమ్ముడూ, శుభాకాంక్షలు. నేను న్యాయవాదిని కాను. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ ఉంటూ రెండు ఇళ్లు కొని, ఒకటి అమ్మి, మనవాళ్లు చాలామంది కాగితాలు పక్కన కూర్చుని చదివినవాడిని. టెక్సాస్‌లో ఇల్లు కొనడానికి న్యాయవాది తప్పనిసరి కాదు. మీ ఏజెంటుకు చట్టపరమైన సలహా ఇచ్చే అధికారం లేదు, ఆస్తి హక్కు కాగితాలూ అమ్మకం సొమ్మూ చూసుకునే టైటిల్ కంపెనీ మీ తరఫు వకీలు కాదు. కాబట్టి ఏదైనా మెలిక కనిపిస్తే కొన్ని వందల డాలర్లు ఖర్చయినా రియల్ ఎస్టేట్ న్యాయవాదికి చూపించడం మేలు.

అన్నిటికంటే ముందు తేదీల సంగతి చెబుతాను, ఎందుకంటే మీ గడియారం నిన్ననే మొదలైంది. మీ చేతిలో ఉన్నది టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ రూపొందించిన ప్రామాణిక కాంట్రాక్టు అయితే, అందులో రెండు వేర్వేరు సొమ్ములు ఉంటాయి. ఎర్నెస్ట్ మనీ అంటే మన బయానా. ఇది సాధారణంగా ధరలో ఒక శాతం అటూ ఇటూగా ఉండి, అమ్మేవారి చేతికి వెళ్లకుండా టైటిల్ కంపెనీ దగ్గర ఉంటుంది. ఆప్షన్ ఫీజు అంతకంటే చాలా చిన్న మొత్తం. ఇది తిరిగి రాదు, ఇల్లు కొంటే ధరలో జమ అవుతుంది. ఈ చిన్న మొత్తంతో మీరు కొనుక్కున్నది ఒక పెద్ద హక్కు: ఆప్షన్ పీరియడ్ ముగిసేలోగా ఏ కారణమూ చెప్పనవసరం లేకుండా కాంట్రాక్టు రద్దు చేసుకుని బయానా వెనక్కి తీసుకోవచ్చు. ఇల్లు తనిఖీ చేయించడం, పునాది పరీక్ష, ఇన్సూరెన్స్ ధరలు అడగడం అన్నీ ఈ రోజుల్లోనే పూర్తి కావాలి.

మీ ఆప్షన్ పది రోజులనుకుందాం. గురువారాన్ని లెక్కలోకి తీసుకోకుండా శుక్రవారం నుంచి లెక్కిస్తే, పదవ రోజు రేపటి ఆదివారం కాక ఆ పై ఆదివారం అవుతుంది, ఆ రోజు సాయంత్రం 5 గంటలకు మీ హక్కు ముగుస్తుంది. సెలవు రోజు కదా అని సోమవారానికి జరగదు. అయితే ఆప్షన్ ఫీజు, బయానా చెల్లించడానికి ఉన్న మూడు రోజుల గడువు మాత్రం ఆదివారంతో ముగిస్తే సోమవారానికి జరుగుతుంది. ఒకే కాంట్రాక్టులో ఒకే ఆదివారం రెండు రకాలుగా పనిచేస్తుందన్న సంగతి తెలియక మనవాళ్లు దెబ్బతినడం నేను చూశాను. ఫీజు గడువులోగా చేరకపోతే ఆ రద్దు హక్కే ఉండదు.

లోను అంగీకారం కోసం జతచేసే ఫైనాన్సింగ్ అడెండంలో ఇంకొక గడువు ఉంటుంది. లోను రాదని తేలితే ఆ గడువులోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చినవారికే బయానా వెనక్కి వస్తుంది. నోటి మాట పనికిరాదు. 2025 మే 25 నుంచి, పౌరసత్వం గానీ శాశ్వత నివాస హోదా గానీ లేనివారికి ఎఫ్‌హెచ్‌ఏ (సమాఖ్య గృహ సంస్థ) హామీతో కూడిన లోన్లు ఇవ్వడం లేదు కనుక, మీది కన్వెన్షనల్ లోనే, అంటే ప్రభుత్వ హామీ లేని మామూలు లోనే అని మీ లోను కంపెనీని అడిగి నిర్ధారించుకోండి.

ఎస్క్రో అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి, రెండూ మీకు తగులుతాయి. క్లోజింగ్ దాకా, అంటే తుది సంతకాలై ఇల్లు చేతులు మారేదాకా, ఇరుపక్షాల సొమ్మునూ కాగితాలనూ మధ్యవర్తిగా టైటిల్ కంపెనీ ఉంచుకోవడం మొదటి అర్థం. క్లోజింగ్ తరువాత ప్రతి నెలా కిస్తుతో పాటు ఆస్తి పన్నుకూ ఇన్సూరెన్సుకూ కొంత వసూలు చేసి లోను కంపెనీ దాచే ఖాతా రెండవ అర్థం. కిస్తు మారదని లోను కంపెనీ చెప్పినా, పన్ను లేదా ప్రీమియం పెరిగితే ఈ ఎస్క్రో భాగం పెరిగి నెలసరి మొత్తం మారుతుంది. కొత్తగా కట్టిన ఇళ్లలో మొదటి ఏడాది ఖాళీ స్థలం విలువ మీదే పన్ను పడి, మరుసటి ఏడాది ఇంటితో సహా పడినప్పుడు కొన్ని కుటుంబాలకు నెలకు వందల డాలర్లు ఒక్కసారిగా పెరిగాయి. మీది పాత ఇల్లు కనుక ఆ బాధ తక్కువ, కానీ అమ్మేవారికి హోమ్‌స్టెడ్ మినహాయింపుతో, అంటే తాము నివసించే సొంత ఇంటికి ఇచ్చే పన్ను తగ్గింపుతో, పడుతున్న పన్నును చూసి మీకూ అంతే పడుతుందని అనుకోవద్దు. ఇంట్లో చేరిన వెంటనే డ్రైవింగ్ లైసెన్స్ మీద చిరునామా మార్పించుకుని, పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు ఈ మినహాయింపు కోసం మీరే దరఖాస్తు చేయాలి. ఆ మినహాయింపు ఉన్న ఇంటి పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా చట్టం అడ్డుకుంటుంది.

ఇక టైటిల్. టైటిల్ అంటే కాగితం కాదు, ఆస్తి మీద హక్కు. ఆ హక్కును బదలాయించే కాగితం డీడ్. మన దగ్గర సేల్ డీడ్ రిజిస్టరైతే పని పూర్తయిందనుకుంటాము గానీ, రిజిస్ట్రేషన్ అనేది దస్తావేజు నమోదే తప్ప హక్కుకు ప్రభుత్వ హామీ కాదు. ఇక్కడా అంతే. కౌంటీ క్లర్కు దగ్గర నమోదైన కాగితాల్లో లోపం ఉంటే ఆ నష్టం ఎవరిది అనే ప్రశ్నకు ఈ దేశం కనుగొన్న జవాబు టైటిల్ ఇన్సూరెన్స్. మన ఈసీ గతంలో జరిగిన లావాదేవీలను చూపించి ఊరుకుంటుంది. ఓనర్స్ టైటిల్ పాలసీ అలా కాదు, దాచిన వారసుడో ఫోర్జరీ సంతకమో బయటపడితే న్యాయస్థానంలో మీ తరఫున పోరాడుతుంది, ఓడితే పాలసీ పరిమితి మేరకు చెల్లిస్తుంది. ప్రీమియం ఒక్కసారే కట్టాలి. టెక్సాస్‌లో ఆ రేటును బీమా శాఖే నిర్ణయిస్తుంది కనుక ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే.

పాలసీకి ముందు టైటిల్ కమిట్‌మెంట్ అనే పత్రం వస్తుంది. అందులో షెడ్యూల్ బి, షెడ్యూల్ సి తప్పక చదవండి. బి లో ఉన్నవి పాలసీ వర్తించని అంశాలు: ఈజ్‌మెంట్లు, అంటే మీ స్థలంలో కరెంటు, నీటి సంస్థలకున్న వాడుక హక్కులు, ఇంకా కాలనీ నిబంధనలు. సి లో ఉన్నవి క్లోజింగ్‌లోగా తీర్చవలసిన చిక్కులు: పాత లోను, లియెన్లు, కోర్టు తీర్పులు. లియెన్ అంటే బాకీ తీరేదాకా ఆస్తిని పట్టి ఉంచే హక్కు. బి మీద అభ్యంతరం చెప్పడానికి కాంట్రాక్టులో రాసుకున్న రోజులు దాటితే ఆ హక్కు పోతుంది, సి లోని అంశాలను తీర్చవలసిన బాధ్యత మాత్రం పోదు. సర్వే హద్దుల గురించిన మినహాయింపును సవరింపజేసే గడి కాంట్రాక్టులో ఉంటుంది. ప్రీమియంలో 5 శాతం అదనంగా కడితే ప్రహరీ హద్దు దాటిన తగాదాల వంటివాటికి రక్షణ దొరుకుతుంది. నా అభిప్రాయంలో ఆ సొమ్ముకు వెనుకాడకూడదు.

డీడ్ ఆఫ్ ట్రస్ట్ పేరులో డీడ్ ఉన్నా అది మీకు హక్కునిచ్చే కాగితం కాదు, లోనుకు మీరు రాసిచ్చే తనఖా. టెక్సాస్‌లో కిస్తులు ఆగితే కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని వేలం వేయవచ్చు. బాకీ తీర్చుకోవడానికి కనీసం 20 రోజుల నోటీసు, ఆ తరువాత వేలానికి కనీసం 21 రోజుల నోటీసు ఇచ్చి, నెలలో మొదటి మంగళవారం కౌంటీ నిర్దేశించిన చోట వేలం జరుపుతారు. వీసా మీద ఉన్నవారు ఉద్యోగం పోతే చేతిలో ఎన్ని నెలల కిస్తు ఉండాలో ఈ లెక్కతోనే నిర్ణయించుకోవాలి.

మీ భార్యగారి విషయం కూడా ఇందులో ముడిపడి ఉంది. టెక్సాస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం, అంటే వివాహకాలంలో కొన్న ఆస్తి ఎవరి పేరున ఉన్నా ఇద్దరిదీ అని చట్టం భావిస్తుంది. అందువల్ల లోను మీ ఒక్కరి పేరున ఉన్నా ఆమె సంతకం కొన్ని కాగితాల మీద అడగవచ్చు. పవర్ ఆఫ్ అటార్నీ అవసరమైతే, దాని నమూనాను టైటిల్ కంపెనీ ముందుగా ఆమోదించిన తరువాతే హైదరాబాద్‌లో సంతకం, ధ్రువీకరణ చేయించండి. ఇక్కడి కంపెనీ అంగీకరించని కాగితం పట్టుకుని మళ్లీ మొదటి నుంచి తిరిగిన కుటుంబం నాకు తెలుసు.

ఆలెన్ నుంచి, శనివారం మధ్యాహ్నం

అన్నయ్యగారు వివరంగా రాశారు. తమ్ముడు అడిగిన నాలుగు ఇన్సూరెన్సుల గురించి నేను చెబుతాను. ప్రతి ప్రీమియం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: డబ్బు నేను కడుతున్నాను, రక్షణ ఎవరికి? ఓనర్స్ టైటిల్ పాలసీ రక్షణ మీకు. లోన్ టైటిల్ పాలసీ రక్షణ బ్యాంకుకు. డౌన్ పేమెంట్ 20 శాతం కంటే తక్కువైతే కట్టించుకునే పీఎంఐ (ప్రైవేట్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) రక్షణ కూడా బ్యాంకుకే. మీరు కిస్తు కట్టలేకపోతే అది బ్యాంకు నష్టాన్ని పూడుస్తుంది తప్ప మీ ఇంటిని నిలపదు. బాకీ ఇంటి అసలు విలువలో 80 శాతానికి తగ్గినప్పుడు దాన్ని తీసేయమని రాతపూర్వకంగా అడగండి. కిస్తులు సక్రమంగా కడుతుంటే 78 శాతం దగ్గర వారే తీసేయాలని 1998 నాటి సమాఖ్య చట్టం చెబుతున్నది.

ఇంటికి జరిగే నష్టాలకు తీసుకునే హోమ్‌ఓనర్స్ పాలసీ ఒక్కటే మీకూ బ్యాంకుకూ ఇద్దరికీ వర్తిస్తుంది, అందుకే పెద్ద క్లెయిమ్ చెక్కు మీద మీ పేరుతో పాటు లోను కంపెనీ పేరు కూడా ఉంటుంది. ఈ పాలసీలో నేను నష్టపోయిన రెండు మాటలు మీరు నష్టపోకూడదని రాస్తున్నాను. డిడక్టిబుల్ అంటే నష్టంలో మనం భరించే మొదటి భాగం. టెక్సాస్‌లో గాలివాన, వడగళ్ల డిడక్టిబుల్‌ను తరచుగా శాతంలో పెడతారు, ఆ శాతం నష్టం మీద కాదు, ఇంటి కవరేజీ మొత్తం మీద. నా కవరేజీ 4,50,000 డాలర్లు, డిడక్టిబుల్ 2 శాతం, అంటే 9,000 డాలర్లు. రెండవ మాట యాక్చువల్ క్యాష్ వాల్యూ, అంటే తరుగుదల తీసివేసిన విలువ. కొత్తదానికి కొత్తది ఇచ్చే రీప్లేస్‌మెంట్ కాస్ట్ దీనికి భిన్నమైనది. ప్రీమియం తగ్గుతుందని పైకప్పుకు మాత్రం తరుగుదల తీసివేసే పద్ధతికి నేను ఒప్పుకున్నాను. వడగళ్లకు కప్పు పోయినప్పుడు అంచనా 18,000 డాలర్లు, తరుగుదల 8,000, డిడక్టిబుల్ 9,000. నా చేతికి వచ్చింది 1,000 డాలర్లు. ఆ వేసవిలో మా అమ్మాయి కాలేజీ కోసం దాచిన సొమ్ముతో కప్పు వేయించాము.

వడగళ్లు పడిన మరునాడు తలుపు తట్టి డిడక్టిబుల్ మాఫీ చేస్తామనే రూఫింగ్ వారిని నమ్మవద్దు. 2019 సెప్టెంబరు నుంచి ఈ రాష్ట్రంలో అది చట్టవిరుద్ధం.

వరద నష్టం సాధారణ పాలసీలో ఉండదు. జాతీయ వరద బీమా పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు ఇస్తారు. లోనుతో కొనేటప్పుడు తీసుకుంటే తప్ప 30 రోజుల తరువాతే అది అమలవుతుంది. ఉత్తర టెక్సాస్ నల్లమట్టి ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతుంది కనుక పునాదులు కుంగుతాయి, ఆ కుంగుబాటు కూడా సాధారణంగా పాలసీలో ఉండదు. అందుకే ఆప్షన్ రోజుల్లో పునాదిని ఇంజనీరుకు చూపించడం అవసరం.

మన ఇళ్లలో బంగారం ఉంటుంది. దొంగతనం జరిగితే నగలన్నిటికీ కలిపి 1,500 డాలర్ల వంటి చిన్న పరిమితి చాలా పాలసీలలో ఉంటుంది. భార్యగారు నగలతో వచ్చేలోగా వాటి విలువ కట్టించి షెడ్యూల్‌లో విడిగా చేర్పించండి. ఇంటికి తాళం వేసి రెండు మూడు నెలలు ఇండియా వెళ్లేవారు వేకెన్సీ నిబంధన చదవాలి. 30 లేదా 60 రోజులకు మించి ఇల్లు ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు రక్షణ ఆగిపోవచ్చు. ఖాళీ అంటే సామాను కూడా లేకపోవడమా, మనుషులు లేకపోవడం చాలునా అన్నది మీ పాలసీలోని నిర్వచనాన్ని బట్టి ఉంటుంది.

క్లెయిమ్ చేసినప్పుడు ఫోనులో మాట్లాడి ఊరుకోకుండా రాతపూర్వకంగా పంపండి. టెక్సాస్ చట్టం ప్రకారం కంపెనీ సాధారణంగా 15 రోజుల్లోగా అందినట్టు తెలపాలి, అడిగిన కాగితాలన్నీ చేరిన తరువాత 15 పనిదినాల్లో ఒప్పుకున్నదీ లేనిదీ చెప్పాలి. జాప్యం చేస్తే టెక్సాస్ బీమా శాఖకు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఇర్వింగ్ నుంచి, తరువాతి బుధవారం

అన్నయ్యగారికీ అక్కయ్యగారికీ కృతజ్ఞతలు. ఆప్షన్ ఫీజు, బయానా సోమవారమే చెల్లించి రసీదు తీసుకున్నాను. పైకప్పుకు రీప్లేస్‌మెంట్ కాస్ట్, 1 శాతం డిడక్టిబుల్‌తో ధర అడిగితే ఏడాదికి 640 డాలర్లు ఎక్కువైంది, అలాగే తీసుకుంటున్నాను. ఈ రోజు కమిట్‌మెంట్ వచ్చింది. షెడ్యూల్ సి లో అమ్మేవారి పేరున్న వ్యక్తి మీద ఒక కోర్టు తీర్పు తాలూకు లియెన్ కనిపిస్తున్నది. అమ్మేవారు అది తనది కాదంటున్నారు. నేను భయపడాలా?

ప్లేనో నుంచి, బుధవారం రాత్రి

భయపడవద్దు, అలాగని మాట మీద వదిలేయవద్దు. ఒకే పేరున్న ఇద్దరి విషయంలో ఇది తరచుగా వచ్చేదే. ఆ తీర్పులోని వ్యక్తిని తాను కాదని అమ్మేవారు ప్రమాణపత్రం ఇస్తే, టైటిల్ కంపెనీ గుర్తింపు వివరాలు పోల్చి చూసి ఆ పద్దును తొలగిస్తుంది. టైటిల్ కంపెనీలోని ఎస్క్రో ఆఫీసరుకు ఈ రాత్రే మెయిల్ పెట్టి, ఆ పద్దు తొలగించిన కొత్త కమిట్‌మెంట్ పంపమని అడగండి. అది చేతికి వచ్చి మీరు చదివేదాకా క్లోజింగ్ కాగితాల మీద సంతకం పెట్టవద్దు.