చవితి హాలు ఇవ్వలేమన్నారు, అందరూ వెంటనే చూడండి

(ఫ్రాన్స్‌లో జర్మనీ సరిహద్దు దగ్గరున్న ఆల్సాస్ ప్రాంతం తెలుగువాళ్ళ గ్రూపు. ఇక్కడ అందరినీ వాళ్ళ ఊరి పేరుతోనే పిలుస్తాం; కేల్ మాత్రం రైన్ నది అవతల జర్మనీలో ఉంది.)

కొల్మార్ వదిన: ప్రసాదాల లిస్టు కాసేపు పక్కన పెట్టండి. ఇందాకే మునిసిపల్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. 24 ఆదివారం హాలు కుదరదట. హాలు ముందున్న స్మారకం దగ్గర 11 గంటలకు మాల్‌గ్రే-నూల నివాళి ఉందట. పది రోజులే ఉంది, ఏం చేద్దాం?

హాగ్నౌ: జూన్‌లోనే అడ్వాన్స్ కట్టాం కదా వదినా! 120 మందికి చెప్పేశాం, డప్పుల వాళ్ళకీ మాట ఇచ్చేశాం. అయినా ఎవరికి నివాళి, హిట్లర్ సైన్యంలో పనిచేసినవాళ్ళకా? రేపు నేనే వెళ్ళి గట్టిగా అడుగుతా.

ఇల్కిర్ష్ అక్క: తమ్ముడూ, ఆగు. అక్కడికెళ్ళి ఆ మాట మాత్రం అనకు. మాల్‌గ్రే-నూ అంటేనే 'మా ఇష్టం లేకపోయినా' అని. 1940లో జర్మనీ మన ఆల్సాస్‌నీ, పక్కనున్న మోసెల్‌నీ ఫ్రాన్స్ నుంచి లాక్కుని కలిపేసుకుంది. మీ అంతట మీరే చేరండంటే పెద్దగా ఎవరూ రాలేదు. దాంతో 1942 ఆగస్టు 25న ఇక్కడి నాజీ పాలకుడు (గౌలైటర్) వాగ్నర్ ఆర్డర్ వేశాడు, ఆల్సాస్ కుర్రాళ్ళు సైన్యంలో చేరి తీరాల్సిందేనని. మోసెల్‌లో ఆ ఆర్డర్ 19నే వచ్చింది. రెండు చోట్లా కలిపి దాదాపు 1,30,000 మంది. ఎక్కువ మందిని రష్యా వైపే తోలారు. పారిపోతే ఇంట్లోవాళ్ళను పట్టుకెళ్ళేవాళ్ళు. 1943 ఫిబ్రవరిలో బాలెర్స్‌డోర్ఫ్ అనే ఊరి కుర్రాళ్ళు స్విట్జర్లాండ్‌కి పారిపోబోయి దొరికితే ఇక్కడి నాజీల స్ట్రూటోఫ్ క్యాంపులో కాల్చేశారు.

మా ఇంటి ఓనర్ ముసలమ్మగారికి 92 ఏళ్ళు. వాళ్ళన్నకి 18 నిండగానే పిలుపు వచ్చింది. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. మిగిలింది ఒక్క ఫొటో, అదీ యూనిఫాంలో. ఆ కాలరు కనబడకూడదని వాళ్ళమ్మ కత్తెరతో మెడ కిందికి కత్తిరించేసింది. ఫ్రేములో ఇప్పుడు మొహం ఒక్కటే ఉంది, గడ్డం కింద వంకరగా తెగి.

హాగ్నౌ: అది నాకు తెలియదక్కా. కానీ 1944లో ఫ్రాన్స్‌లోనే ఒరాదూర్ అనే ఊళ్ళో ఊరు ఊరంతా చంపిన జర్మన్ సైనికుల్లో ఆల్సాస్ వాళ్ళు లేరా?

ఇల్కిర్ష్ అక్క: ఉన్నారు. 1953లో బోర్డో కోర్టులో 14 మంది ఆల్సాస్ వాళ్ళు నిలబడ్డారు. అందులో 13 మంది బలవంతంగా చేర్చినవాళ్ళు, ఒక్కడే కావాలని చేరినవాడు. తర్వాత ఆ 13 మందికి క్షమాభిక్ష పెట్టారు. ఒరాదూర్ వైపు వాళ్ళకి అది చాలా ఏళ్ళు మింగుడుపడలేదు. అదీ అర్థం చేసుకోవాల్సిందే. దానికి ఈ ముసలమ్మని ఏమనగలం చెప్పు?

కేల్: గొడవ వద్దు. మా గ్యారేజీ ఖాళీ చేస్తా, ట్రామ్ ఎక్కితే రైన్ దాటి వచ్చేయొచ్చు. కాకపోతే 40 మందికి మించి పట్టరు.

కొల్మార్ వదిన: అసలు చవితి 27 బుధవారం, ఆ పూజ ఎవరింట్లో వాళ్ళం చేసుకుంటాం. ఆదివారం అందరం కలవడానికే కదా. సాయంత్రం ఇస్తారేమో అడిగితే?

హాగ్నౌ: అడిగాను, మామూలుగానే మాట్లాడాను. 4 నుంచి ఇస్తామన్నారు. డప్పులు వద్దని నేనే చెప్పేశాను. అక్కా, ఇందాక కోపంలో అనేశాను, ఏమీ అనుకోకు.

ఇల్కిర్ష్ అక్క: అనుకోలేదురా.

కేల్: మరి భోజనాలు?

కొల్మార్ వదిన: భోజనాలు వద్దు. పులిహోర, ఉండ్రాళ్ళు, టీ చాలు. పాత లిస్టు ఎవరూ చూడకండి.

హాగ్నౌ: చామంతులు ఎలాగూ తెస్తున్నాం, ఒక గుత్తి పొద్దున స్మారకం దగ్గర పెడదాం. ఇక్కడ సమాధుల మీద పెట్టేవీ అవే. అక్కా, ముసలమ్మగారిని పదిన్నరకి నా కారులో తీసుకొస్తా. ముందు సీటు ఖాళీ ఉంచుతా, మెట్లు లేని వైపు ఆపుతా.