కోళ్లలోనూ మనుషుల్లోనూ ఒకే రకం కాంపిలోబాక్టర్ దొరికితే, అది కోళ్ల నుంచే వచ్చిందని రాయవచ్చా?

సూక్ష్మదర్శిని

అందరికీ నమస్కారం. నేను సూక్ష్మజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. కోళ్ల పేగుల నుంచి, ఆవుల పేడ నుంచి, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చినవారి మలం నుంచి వేరుచేసిన కాంపిలోబాక్టర్ జెజునై (విరేచనాలు కలిగించే బాక్టీరియా) ఐసోలేట్లకు, అంటే ఒక్కో నమూనా నుంచి వేరుచేసి పెంచిన బాక్టీరియాకు, ఎం.ఎల్.ఎస్.టి. చేశాను; ఏడు జన్యువుల్లోని భాగాలను చదివి, వాటి కలయికను బట్టి ప్రతిదానికీ ఒక సీక్వెన్స్ టైప్ (ఎస్‌టి) సంఖ్య ఇచ్చే పద్ధతి ఇది. మూడు గుంపుల్లోనూ ఎస్‌టి-21 క్లోనల్ కాంప్లెక్స్ (దగ్గరి బంధువులైన టైపుల కుటుంబం) కనిపించింది. కోళ్లలోనూ రోగుల్లోనూ ఒకే సీక్వెన్స్ టైప్ ఉంది కాబట్టి రోగులకు అది కోళ్ల నుంచే సోకిందని రాయవచ్చని మా ప్రయోగశాలలో కొందరు అంటున్నారు, కానీ అదే టైప్ ఆవుల్లోనూ ఉన్నప్పుడు అలా రాయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

రెండో సందేహం వైవిధ్యం గురించి. కోళ్ల ఐసోలేట్లలో కంటే రోగుల ఐసోలేట్లలోనే ఎక్కువ టైపులు కనిపించాయి. కోళ్లే మూలమైతే వైవిధ్యం కోళ్లలో ఎక్కువగా ఉండాలి కదా? ప్రతి నమూనా నుంచి ఒక్క కాలనీని (ప్లేట్ మీద ఒకేచోట పెరిగిన బాక్టీరియా చుక్కను) మాత్రమే తీసుకున్నానని కూడా చెప్పాలి.

పాత ప్రయోగశాల

మీ మనసు ఒప్పుకోకపోవడమే సరైనది. ఎస్‌టి-21 కుటుంబం కోళ్లు, ఆవులు, గొర్రెలు, మనుషులు అన్న తేడా లేకుండా అన్నిచోట్లా బతకగలిగే కుటుంబం. ఎస్‌టి-45 కూడా అలాంటిదే, అది అడవి పక్షుల్లో సైతం దొరుకుతుంది. ఎస్‌టి-61 కుటుంబం ప్రధానంగా ఆవుల్లోనూ గొర్రెల్లోనూ, ఎస్‌టి-257 ప్రధానంగా కోళ్లలోనూ కనిపిస్తాయి. కాబట్టి ఒక రోగిలో ఎస్‌టి-61 దొరికితే అది మూలం గురించి చాలా చెబుతుంది, ఎస్‌టి-21 దొరికితే దాదాపు ఏమీ చెప్పదు. మీ పట్టికలో తరచుగా కనిపించే టైపుల కన్నా, ఏదో ఒక జంతువుకే పరిమితమైన టైపులే మీకు ఎక్కువ సమాచారం ఇస్తాయి.

ఒక్కో ఐసోలేట్‌కు విడిగా తీర్పు చెప్పకుండా, అన్ని జంతువుల్లోనూ ఏ జన్యురూపం ఎంత తరచుగా కనిపిస్తుందో లెక్కగట్టి, దాని ఆధారంగా రోగుల గుంపు మొత్తంలో ఏ మూలం వాటా ఎంతో అంచనా వేసే పద్ధతులు ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 1,231 మంది రోగుల ఐసోలేట్లతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ కేసుల్లో 97 శాతానికి ఆహారం కోసం పెంచే జంతువులే మూలమనీ, వాటిలోనూ కోళ్ల వాటా అన్నిటికంటే ఎక్కువనీ, ఆ తర్వాతి స్థానం ఆవులదనీ అందులో తేలింది. ఇక్కడ చెప్పినది వాటాల గురించేనని, ఫలానా రోగికి ఫలానా కోడి నుంచి సోకిందని కాదని గమనించండి.

న్యూజీలాండ్ అనుభవం ఇంకా బలమైనది, ఎందుకంటే అక్కడ అంచనా నిజమో కాదో ఆచరణలో పరీక్షకు నిలిచింది. 2006లో అక్కడ నమోదైన కేసులు 15 వేలు దాటాయి. టైపింగ్ ఫలితాలు కోడిమాంసం వైపు వేలు చూపించాయి. మాంసం తయారయ్యే చోట్ల కలుషితాన్ని తగ్గించే చర్యలు మొదలయ్యాక, 2008 నాటికి కేసులు సగానికి పైగా తగ్గాయి. జన్యు వైవిధ్యం లెక్కలు ఎందుకని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఈ ఉదాహరణే.

మీ రెండో సందేహానికి వస్తాను. రోగుల గుంపు అనేక వాగులు వచ్చి కలిసే చెరువు వంటిది. కోళ్ల నుంచి, ఆవుల నుంచి, పచ్చిపాల నుంచి, శుద్ధి చేయని నీటి నుంచి, వాళ్లు ప్రయాణించిన దూర ప్రాంతాల నుంచి వచ్చిన టైపులన్నీ అక్కడ చేరతాయి. పైగా కాంపిలోబాక్టర్ మనిషి నుంచి మనిషికి అరుదుగానే సోకుతుంది కాబట్టి, మనుషుల్లో ఒకే టైప్ వరసగా వ్యాపించి మిగిలినవాటిని మరుగున పడేసే పరిస్థితి సాధారణంగా ఉండదు. అందుచేత అక్కడ వైవిధ్యం ఎక్కువగా కనిపించడం, కోళ్లు ప్రధాన మూలం కావడం, ఈ రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు.

పశువైద్యుడు

పై సమాధానానికి పశువుల వైపు నుంచి ఒక మాట చేర్చాలి. మీ కోళ్లు ఎన్ని మందల నుంచి వచ్చాయి? ఒకే షెడ్డులో పెరిగిన కోళ్లలో ఒక కోడికి కాంపిలోబాక్టర్ సోకితే కొద్ది రోజుల్లోనే మంద అంతటికీ పాకుతుంది, అందులో తరచుగా ఒకటో రెండో టైపులే పైచేయి సాధిస్తాయి. ఒకే మంద నుంచి 20 కోళ్లను పరీక్షించినా, లెక్కల దృష్టిలో అది ఒక్క పరిశీలనకు దగ్గరగానే ఉంటుంది. నమూనాల సంఖ్యను కాకుండా మందల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటే, మీరు చూసిన వైవిధ్యపు తేడాలో కొంత భాగం అక్కడే మాయమవుతుంది.

జన్యులెక్కలు

ఏడు జన్యువుల్లో మనం చదివే భాగాలన్నీ కలిపితే సుమారు 3,300 బేస్‌లు (డి.ఎన్.ఎ. అక్షరాలు). కాంపిలోబాక్టర్ జెజునై జీనోమ్‌లో, అంటే దాని మొత్తం డి.ఎన్.ఎ.లో, సుమారు 16.4 లక్షల బేస్‌లు ఉంటాయి. అంటే 500 పేజీల పుస్తకంలో ఒక్క పేజీ చదివి, రెండు ప్రతులూ ఒకటేనని చెప్పినట్టు. ఒకే సీక్వెన్స్ టైప్ ఉన్న రెండు ఐసోలేట్లు మిగతా జీనోమ్‌లో వందల చోట్ల వేరుపడి ఉండవచ్చు. వీలైతే ఎస్‌టి-21 కుటుంబంలోని ఐసోలేట్లకైనా పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్ చేయించండి.

అయితే ఒక జాతికి పనికివచ్చిన కొలబద్దను మరో జాతికి పెట్టకండి. సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే మరో బాక్టీరియాలో చాలా ఐసోలేట్లు ఎస్‌టి-11 అనే ఒకే టైపులోకి వస్తాయి, అక్కడ మార్పులు మెల్లగా ఒక్కొక్క బేస్‌గా పేరుకుంటాయి కాబట్టి వాటిని లెక్కిస్తే బంధుత్వం తెలుస్తుంది. కాంపిలోబాక్టర్ అలా కాదు, అది చుట్టూ ఉన్న డి.ఎన్.ఎ. ముక్కలను స్వయంగా లోపలికి తీసుకుని తన జీనోమ్‌లో కలుపుకోగలదు. ఒక్క ముక్క చేరితే డజన్ల కొద్దీ తేడాలు ఒకేసారి వచ్చిపడి, నిన్నటి వరకు దగ్గరి బంధువైనది దూరపు చుట్టంలా కనిపిస్తుంది. ఈ. కోలి ఓ157 కథ మరొకటి: దాని జీనోమ్ ప్రయోగశాలల్లో వాడే కె-12 అనే ఈ. కోలి రకం కంటే సుమారు 9 లక్షల బేస్‌లు పెద్దది, ప్రమాదకరమైన షిగా టాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే జన్యువులు బాక్టీరియోఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) వెంట వచ్చి చేరినవే. అక్కడ వైవిధ్యాన్ని అర్థం చేసుకోవాలంటే ఫేజ్‌లను చూడాలి.

ఇంకొక మాట. ప్రయాణం ఎప్పుడూ జంతువు నుంచి మనిషికే జరుగుతుందని ముందే అనుకోవద్దు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాలో ఎస్‌టి-5 వంశంలోని ఒక శాఖ మనుషుల నుంచి కోళ్లలోకి వెళ్లిందని 2009లో ప్రచురించిన జీనోమ్ అధ్యయనంలో తేలింది.

సూక్ష్మదర్శిని

అందరికీ ధన్యవాదాలు. మందల వివరాలు తీసి చూశాను, నా కోళ్ల ఐసోలేట్లలో ఎక్కువ భాగం కొద్ది మందల నుంచే వచ్చాయి. అందువల్ల వైవిధ్యాన్ని మందల వారీగా మళ్లీ లెక్కిస్తాను. రోగుల గుంపులో నమూనాలు ఎక్కువ కాబట్టి టైపులను నేరుగా లెక్కపెట్టకుండా, రెండు వైపులా సమాన సంఖ్యలో ఎంచుకుని పోలుస్తాను. ఒక్క కాలనీ విషయంలో ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

పాత ప్రయోగశాల

మొదటి ప్లేట్ మీది పెరుగుదలనంతా తుడిచి గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచి ఉంటే, ఉంది. దాన్ని మళ్లీ బొగ్గుపొడి కలిపిన నల్లటి అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ వంటి పదార్థం) మీద గీసి, ఆక్సిజన్ తక్కువగా ఉండే జాడీలో 42 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచండి. బూడిద రంగులో తడితడిగా, గీత వెంట పాకుతూ పెరిగిన కాలనీలలో చేతికి అందిన పెద్దదాన్నే తీసుకోవడం మనందరికీ అలవాటు, కానీ అక్కడే పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే వేగంగా పెరిగే టైపే ప్రతిసారీ మన చేతికి వస్తుంది. చిన్నవీ పెద్దవీ కలిపి కనీసం ఐదింటిని విడివిడిగా గీయండి. నా అనుభవంలో ఒకే కోడి పేగులో రెండు వేర్వేరు టైపులు దొరికిన సందర్భాలు ఉన్నాయి. మలాన్ని మాత్రమే దాచి ఉంటే ఆశ తక్కువ, ఈ బాక్టీరియా గడ్డకట్టి కరిగేటప్పుడు చాలావరకు చనిపోతుంది. అప్పుడు ఒక్కో నమూనా నుంచి ఒక్క కాలనీనే పరీక్షించామని పద్ధతుల అధ్యాయంలో స్పష్టంగా రాసి, వైవిధ్యం అసలు కంటే తక్కువగా కనిపించి ఉండవచ్చని అక్కడే చెప్పండి.