లేసు వ్యాపారం: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందుకు పోవడం లేదు, కాస్త చెప్పండి

గోదారి గట్టు (మంగళవారం, రాత్రి 11:40)
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటి నుంచి ఉద్యమ్ ఫారంతో (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) కుస్తీ పడుతున్నాను. ఓటీపీ వస్తోంది, ఆధార్ ఓకే అంటోంది, ఆ తర్వాత కదలడం లేదు. ఎర్ర అక్షరాల్లో ఏదో వచ్చి మళ్లీ మొదటికొస్తోంది. ఇవాళ పిల్లలకు అన్నం కూడా మా అత్తగారే పెట్టారు.

మాది నరసాపురం దగ్గర పల్లె. నాతో కలిపి పదహారు మందిమి లేసు అల్లుతాం. ఇన్నాళ్లూ ఏజెంటుకే ఇచ్చాం. దారం తూచి ఇస్తాడు, అల్లింది తూచి తీసుకుంటాడు, తరుగని చెప్పి కూలిలో కోస్తాడు. మొదటిసారి బెంగళూరు నుంచి ఒక బొటిక్ వాళ్లు నేరుగా మమ్మల్ని 40 టేబుల్ కవర్లు అడిగారు. ఉద్యమ్ సర్టిఫికెట్ శుక్రవారం లోపు పంపితే అడ్వాన్సు వేస్తామన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల పుస్తకం (11:52)
ఎర్ర అక్షరాల్లో ఏముందో రాయండి. అది లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

కండె దారం (రాత్రి 12:05)
చెల్లీ, ముందు ఒక మాట. ఫారంలో "లేసు" అని రాయకు. మనం చేసేది క్రోషే. ఒక్క కొక్కెం సూది, ఒక్క దారం, మిగతాదంతా చేతి పనే. లేసు అంటే బయటివాళ్లకు మిషన్ మీద మీటర్ల లెక్కన దిగే అంచు గుర్తొస్తుంది. ఆ మిషన్ సరుకు చైనా నుంచి దిగాకే మన పనికి ధర లేకుండా పోయింది. మా అమ్మ ముప్పై ఏళ్లు అల్లింది. సూది ఒరిసీ ఒరిసీ చూపుడువేలి పక్కన కాయ కాసింది, పప్పు కలిపేటప్పుడు మంట పుడితే ఎడం చేత్తో కలిపేది. ఆ పనికి మిషన్ సరుకు పేరు పెట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు.

పడమటి గాలి (12:21)
అక్కా, 2024లో వచ్చిన జీఐ గుర్తింపులో (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా నరసాపురం క్రోషే లేసు అనే ఉంది కదా. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు మన వాళ్లకు నేర్పినప్పటి నుంచీ లేసు అనే అంటున్నాం. మా వీధిలో "లేసు పనికి కూర్చున్నావా" అంటారు గానీ క్రోషే అన్న మాట ముసలివాళ్లకు తెలియనే తెలియదు.

కండె దారం (12:26)
మన వీధిలో ఏమన్నా ఫర్వాలేదు. కొనేవాడికి ఏం చెబుతున్నామన్నదే నా బాధ.

లెక్కల పుస్తకం (12:40)
ఈ తేడా ఫారంలో ఒక్కచోట పనికొస్తుంది. ఎన్ఐసీ కోడ్‌లలో, అంటే ఏ పని చేస్తున్నామో చెప్పే ప్రభుత్వ అంకెల్లో, లేసు, ఎంబ్రాయిడరీ పని 13991. క్రోషే, నిట్టింగ్ నూలు గుడ్డ 13911. ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లు ఇవ్వొచ్చు కాబట్టి రెండూ పెట్టండి. ఎర్ర అక్షరాల సంగతి ఇంకా చెప్పలేదు.

గోదారి గట్టు (బుధవారం, ఉదయం 6:10)
క్షమించండి, నిద్రపోయాను. పాన్ వివరాలు సరిపోలడం లేదు అన్నట్టు వస్తోంది. కానీ నంబరు కరెక్టే, పదిసార్లు చూసుకున్నాను. మా ఊరి నెట్ సెంటర్లో రెండు వేలిస్తే చేసిపెడతామన్నారు. ఇచ్చేయమంటారా?

లెక్కల పుస్తకం (6:18)
ఇవ్వొద్దు. ఉద్యమ్ పూర్తిగా ఉచితం. పాన్ మీద ఇంటిపేరు, ఆధార్ మీద ఇంటిపేరు ఒకటేనా?

గోదారి గట్టు (6:25)
కాదండి. పాన్ పెళ్లికి ముందు తీసుకున్నాను, పుట్టింటి పేరుతో ఉంది. ఆధార్‌లో అత్తింటి పేరు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా? రెండింటిలో ఉన్నది నేనే కదా.

లెక్కల పుస్తకం (6:27)
ఉంటుంది. పాన్, ఆధార్ లింక్ అయ్యాయా? ఆదాయపు పన్ను సైట్‌లో చూసి చెప్పండి.

గోదారి గట్టు (6:51)
చూశాను. కాలేదని వస్తోంది.

లెక్కల పుస్తకం (7:05)
ఇదే అసలు సమస్య. గడువులోపు లింక్ చేయని పాన్‌లు 2023 జులై 1 నుంచి చెల్లుబాటులో లేవు. ముందు రెండు చోట్లా పేరు ఒకటి కావాలి. అప్పుడు 1,000 రూపాయల రుసుము కట్టి లింక్ చేయాలి. అది మళ్లీ చెల్లుబాటులోకి రావడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. శుక్రవారానికి అవ్వదు.

గోదారి గట్టు (7:09)
అయ్యో. ఇప్పుడెలాగండీ? ఆ ఆర్డరు పోతే మళ్లీ ఏజెంటు గుమ్మం దగ్గరే నిలబడాలి. ఏ పేరు మార్చుకోవాలి, పాన్‌లోదా, ఆధార్‌లోదా?

సొంత పేరు (8:30)
ఆధార్‌లో పుట్టింటి పేరుకు వెళ్లిపోండి. పదో తరగతి సర్టిఫికెట్ ఆ పేరుతోనే ఉంటుంది. రేపు లోన్‌కు చదువు కాగితం అడిగితే మళ్లీ ఇదే గొడవ. పెళ్లయిన ప్రతి అమ్మాయికీ ఈ తిప్పలే. మగవాడు పుట్టిన పేరుతో బ్యాంకుకెళ్లి పని ముగించుకుని వస్తాడు. మనం మాత్రం ఫలానావారి అమ్మాయినీ ఫలానావారి కోడలినీ నేనే అని రుజువు చేసుకుంటూ తిరగాలి. మా చెల్లెలి టైలరింగ్ షాపు లోన్ ఈ ఇంటిపేరు దగ్గరే ఎనిమిది నెలలు ఆగింది. పెళ్లిలో మెడలో తాళి పడితే చాలు, కాగితాలు మారనక్కర్లేదు. దయచేసి ఎవరూ మార్చుకోకండి.

పడమటి గాలి (8:44)
ఆమె బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు అత్తింటి పేరుతో ఉంటే? అవన్నీ మార్చేకంటే పాన్ ఒక్కటి మార్చడం తేలిక. మ్యారేజ్ సర్టిఫికెట్ పెడితే సరిపోతుంది. పైగా ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. ఇప్పటికే ఒకసారి అయిపోయి ఉంటుంది.

సొంత పేరు (8:50)
తేలిక అనే అందరం మార్చుకుంటూ పోతున్నాం.

ఉపాధి బాట (9:15)
అమ్మా, ఉద్యమ్ దగ్గరే ఆగిపోకండి. పీఎంఈజీపీ (సొంత యూనిట్ పెట్టేవాళ్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ లోన్ పథకం) కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు దాకా వెళ్లొచ్చు. మహిళలు సొంతంగా పెట్టాల్సింది 5 శాతమే, పల్లెలో అయితే 35 శాతం సబ్సిడీ. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, తర్వాతే అప్పులో జమ చేస్తారు. పది లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. అంత వద్దనుకుంటే ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50,000 వరకు ఇస్తారు, తాకట్టు అడగరు.

లెక్కల పుస్తకం (9:20)
ఆమె అడిగింది లోన్ కాదు. శుక్రవారం లోపు సర్టిఫికెట్. మీ పదహారు మందిలో పాన్ లింక్ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కండె దారం (10:02)
ఒక సంగతి అడుగుతాను చెల్లీ, ఏమనుకోకు. కవరు ధర ఎంత చెప్పావు? గంటలు లెక్కేశావా? 1970ల చివర్లో ఒక జర్మన్ పరిశోధకురాలు మన ఊళ్లకు వచ్చి చూసింది. ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా దీన్ని ఖాళీ సమయంలో చేసే పనిగానే లెక్కగడుతున్నారని రాసింది. ఇప్పటికీ మన నోటెంట అదే మాట వస్తుంది, "ఊరికే కూర్చునే బదులు" అని. ఒక్క కవరు గడియారం పెట్టుకుని అల్లి చూడు. అంతటితో అయిపోదు. ఉతకాలి, పల్చగా గంజి పెట్టాలి, పూల చివర్లు లాగి గుండుసూదులు గుచ్చి నీడలో ఆరబెట్టాలి. ఆ గంటలు కూడా కలుపు. దారం ఖర్చు మీద పైపైన ఓ అంకె చెప్పేస్తే రేపు ఆ పదిహేను మందికి నువ్వే ఏజెంటువవుతావు.

గోదారి గట్టు (10:30)
నిజమే అక్కా, దారం లెక్కే వేశాను. గంటల సంగతి తోచలేదు. పాన్ మా తోటికోడలికి లింక్ అయింది. కానీ ఆర్డరు నా ఫోన్‌కు వచ్చింది కదా, ఆవిడ పేరు మీద చేయొచ్చా?

లెక్కల పుస్తకం (10:41)
చేయొచ్చు. కానీ అప్పుడు వ్యాపారం చట్టప్రకారం ఆవిడదే. బిల్లు ఆవిడ పేరు మీదే ఉండాలి, డబ్బు ఆవిడ ఖాతాలోకే రావాలి, పన్ను లెక్క కూడా ఆవిడదే. ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

జీఎస్టీ సంగతి. మామూలుగా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. హస్తకళ వస్తువులకు మినహాయింపు ఉంది. ఏడాది అమ్మకం 20 లక్షలు దాటకపోతే పాన్, ఈ-వే బిల్లుతో (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) పంపొచ్చు. ఆ వస్తువుల పట్టీలో చేతి లేసు 5804 అనే పన్ను కోడ్ కింద ఉంది. టేబుల్ కవరు తయారైన వస్తువు కాబట్టి కోడ్ మారుతుంది. బిల్లు రాసే ముందు ఆడిటర్‌కు సరుకు చూపించండి. ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలో పెట్టి వేరే రాష్ట్రాలకు అమ్మాలంటే ఈ మినహాయింపు పనికిరాదు.

కండె దారం (10:55)
చూశారా, లేసా కాదా అన్నది మళ్లీ ఇక్కడికే వచ్చింది.

పడమటి గాలి (11:10)
జీఐ లోగో వెంటనే బిల్లు మీద వేసేయకండి. అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లే వాడాలి. సీతారాంపురం లేసు పార్కులో అడిగితే దారి చెబుతారు. పెహచాన్ కార్డు (చేతిపనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) గురించి కూడా కనుక్కోండి, ఎగ్జిబిషన్లలో స్టాల్ అడగడానికి పనికొస్తుంది.

సొంత పేరు (మధ్యాహ్నం 1:20)
ఇంతకీ ఆవిడ ఆర్డరు తోటికోడలి పేరు మీదకు పోయింది. ఇంటిపేరు ఒక్కటి సరిగ్గా ఉంటే ఈ అవసరం వచ్చేదా?

గోదారి గట్టు (గురువారం, సాయంత్రం 4:35)
తోటికోడలి పేరు మీద చేశాం, పావుగంటలో అయిపోయింది. రెండు కోడ్‌లూ పెట్టాను. సర్టిఫికెట్ పంపేశాను. ధర మాత్రం పెంచి చెప్పాను, ఇంకా జవాబు రాలేదు. నా పాన్ సంగతి సోమవారం చూసుకుంటాను. అందరికీ థాంక్సండీ.

అంచు పని (శుక్రవారం, ఉదయం 9:05)
ఇదే సమస్య నాకూ ఉంది, మాది మొగల్తూరు. నా పాన్ లింక్ అయింది కానీ ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు పాతది, ఓటీపీ రావడం లేదు. ఏం చేయాలి?