"దేవుని పిల్లలగుటకు అధికారము": ఇక్కడ అధికారం అంటే ఏమిటి?

కాజీపేట నుంచి:
అందరికీ వందనాలు. యోహాను సువార్త 1:12లో ఒక మాట గురించి అడుగుతున్నాను. "తన్ను ఎందరంగీకరించిరో వారికందరికి, అనగా తన నామమునందు విశ్వాసముంచినవారికి, దేవుని పిల్లలగుటకు ఆయన అధికారము అనుగ్రహించెను." పిల్లలు కావడానికి అధికారం ఎందుకు? అధికారం అనగానే మనకు కలెక్టర్, తహసీల్దార్, ఎస్సై గుర్తొస్తారు. మా యూత్ కూటంలో ఈ వచనం చదివి ఒక తమ్ముడు, "విశ్వాసి అధికారంతో బతకాలి, దేవుణ్ణి అడుక్కోవడం కాదు, ఆజ్ఞాపించాలి" అన్నాడు. ఒక అక్క, "అట్ల మాట్లాడితే మనిషికి గర్వం వస్తది" అంది. కూటమంతా దీని మీదే నడిచింది. గ్రీకు చూసినవాళ్లు, తెలుగు బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్తారా?

జనగామ నుంచి:
హక్కు అని రాసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. అధికారం అనే మాట చూసే చాలామంది దారి తప్పుతున్నారు.

హనుమకొండ నుంచి:
అడగాల్సిన మాటే అడిగావు బిడ్డా. బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, సంఘంలో బైబిల్ స్టడీ చెప్తుంటాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

యోహాను వాడిన గ్రీకు మాట 'ఎక్సూసియా'. 'ఎక్సెస్తి' అనే క్రియ నుంచి వచ్చింది. చెల్లుతుంది, తగును, చేయవచ్చు అని ఆ క్రియకు అర్థం. మన తెలుగు బైబిలు ఆ క్రియను ఎలా చెప్పిందో చూడండి. యేసును తప్పుపట్టాలని చూసేవాళ్లు "విశ్రాంతిదినమున స్వస్థపరచుట న్యాయమా?" అని అడుగుతారు (మత్తయి 12:10). ఆ "న్యాయమా" దగ్గర ఉన్నది ఈ క్రియే. కాబట్టి ఎక్సూసియాలో మొదట ఉన్నది చెల్లుబాటు. బలానికి గ్రీకులో వేరే మాట ఉంది, 'దునామిస్'. "పరిశుద్ధాత్మ మీ మీదికి వచ్చునప్పుడు మీరు శక్తినొందెదరు" అన్నచోట (అపొస్తలుల కార్యములు 1:8) అది కనిపిస్తుంది.

లూకా 10:19లో ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో వస్తాయి. "శత్రువు బలమంతటిమీదను మీకు అధికారము అనుగ్రహించియున్నాను." శత్రువు దగ్గర ఉన్నది దునామిస్. శిష్యులకు ఇచ్చింది ఎక్సూసియా. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో రెండుచోట్లా 'పవర్' అనే ఉంది, యోహాను 1:12లో కూడా అదే. 1881లో దాన్ని సవరించినవాళ్లు లూకాలో 'అథారిటీ' అని, యోహానులో 'రైట్' అని మార్చారు. మన తెలుగు బైబిల్లో ఒకటి బలము, ఇంకొకటి అధికారము అని స్పష్టంగా విడిపోయి ఉన్నాయి. ఈ వాక్యం చదివిన ప్రతిసారీ ఆ అనువాదకులకు మనసులో దండం పెట్టుకుంటాను.

మన వైపు భూమి తగాదాలు తెలిసినవాళ్లకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. పట్టా ఒకరి పేరున ఉంటుంది, కబ్జాలో ఇంకొకరుంటారు. కబ్జా చేసినవాడికి మనుషులుంటారు, ట్రాక్టర్లుంటాయి, నోరుంటుంది. పట్టాదారు ఎవరూ లేని ముసలమ్మ కావచ్చు. అయినా భూమి ఆమెదే. ఆఫీసు ముందు ఆమె నిలబడేది ఆ కాగితంలో తన పేరుందన్న ధైర్యంతో, ఒంట్లో సత్తువ చూసుకొని కాదు. శత్రువు బలం మీద విశ్వాసికి ఉన్న అధికారం ఈ రకంది. అందుకే యేసు ఆ వెంటనే, "దయ్యములు మీకు లోబడుచున్నవని సంతోషింపక మీ పేరులు పరలోకమందు వ్రాయబడి యున్నవని సంతోషించుడి" అన్నాడు. ఆయన పంపిన డెబ్బైమంది శిష్యులు సంబరపడుతూ వచ్చింది దయ్యాలు లోబడ్డాయని. ఆయన వాళ్ల సంతోషాన్ని పేరు మీదికి తిప్పాడు.

జనగామ తమ్ముడికి: హక్కు అనే మాట మన బైబిల్లోనూ ఉంది. ప్రకటన 22:14లో "జీవవృక్షమునకు హక్కుగలవారై" అని చదువుతాం, అక్కడా గ్రీకులో ఎక్సూసియానే. 1 కొరింథీయులకు 9:4లో పౌలు "తినుటకును త్రాగుటకును మాకు అధికారము లేదా?" అంటాడు. అన్నం తినడానికి ఎవరికీ హోదా అక్కర్లేదు కదా, అక్కడ అధికారం అంటే హక్కే. మాట తప్పు కాదు. ఆఫీసులూ పోలీస్ స్టేషన్లూ ఆ మాటను పట్టుకుపోయి, మనకు ఒక అర్థమే మిగిల్చాయి.

కరీంనగర్ నుంచి:
సార్ నమస్తే. నేను క్రైస్తవుణ్ణి కాదు, భాష మీద ఇష్టంతో ఈ గ్రూపులో ఉన్నాను. గీతలో "కర్మణ్యేవాధికారస్తే" అన్నచోట ఉన్న అధికారం కూడా ఇలాంటిదేనా?

హనుమకొండ నుంచి:
మంచి చోటు గుర్తుచేశారు. అవును, అక్కడా పెత్తనం అనే అర్థం పొసగదు. వేదకర్మల గురించి చర్చించే మీమాంస శాస్త్రంలో ఏ కర్మకు ఎవరు అర్హులో చెప్పడానికి అధికారం అనే మాట వాడతారు, వేదాంతంలో చదువుకు తగినవాణ్ణి అధికారి అంటారు. తెలుగు బైబిలు పనిలో తొలి రోజుల్లోనే సంస్కృత సంప్రదాయం ఎరిగినవాళ్లు ఉన్నారు. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్‌లకు తోడుగా, బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయర్ ఉన్నాడు. ఆ తరంవాళ్ల చెవికి అధికారం అంటే యోగ్యత, హక్కు, బాధ్యత కలిసి వినిపించేవి.

ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ అధికారానికి ముందు అర్హత చూస్తారు. యోహానులో "అనుగ్రహించెను" అని ఉంది. అర్హత చూసి ఇచ్చింది కాదు, అంగీకరించినవాళ్లకు ఇచ్చింది. ఈ ఒక్క క్రియలో నా విశ్వాసమంతా ఉంది.

పరకాల నుంచి:
సార్ వందనాలు. అందరూ 12వ వచనం దగ్గరే ఆగారు, 13 కూడా చదవాలి. "వారు దేవునివలన పుట్టినవారే గాని, రక్తమువలననైనను శరీరేచ్ఛవలననైనను మానుషేచ్ఛవలననైనను పుట్టినవారు కారు."

మన ఊళ్లలో కొత్త మనిషి కనబడితే "మీరేమోళ్లు?" అని అడుగుతారు. కులం తెలిస్తే గానీ కుర్చీ వేయాలో, అరుగు కిందే నిలబెట్టాలో తేలదు. నిజాం కాలంలో మా నాయనమ్మ వాళ్లు దొర ఇంటికి వెట్టి చేసిన్రు. అధికారం అంటే ఆ తరానికి దొర గడి, పట్వారీ లెక్క, పోలీసు లాఠీ. అసుంటి మనుషులకు మాల మాదిగ వాడల్లో కూటం పెట్టి, నీకు అధికారం ఇయ్యబడింది, నువ్వు దేవుని బిడ్డవు అని చెప్పినప్పుడు ఆ మాట ఎంత బరువుగా తాకి ఉంటుందో చూడండి. అప్పటిదాకా వాళ్ల నెత్తి మీద ఉన్న మాట మొదటిసారి వాళ్ల చేతికొచ్చింది. హక్కు అని రాసి ఉంటే ఆ దెబ్బ తగిలేది కాదని నా అభిప్రాయం. నేనైతే మార్చొద్దంటాను.

ఇంకో మాట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ లెక్కలోకి రాడు. మన దగ్గర బీసీ-సి కింద చూపిస్తారు. బడి రిజిస్టర్లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు ఉన్నవాళ్లు మాలో ఉన్నారు. ఏ కాగితంలో ఏమని రాయాలన్న టెన్షన్ పిల్లల అడ్మిషన్ వచ్చినప్పుడల్లా. సార్ రాసిన "మీ పేరులు పరలోకమందు వ్రాయబడి యున్నవి" చదివి నేను కాసేపు ముందుకు పోలేకపోయిన. మాకు అది ఉత్త ఓదార్పు మాట కాదు. మేమెవరమో చెప్పే మాట.

హనుమకొండ నుంచి:
అమ్మా, మీరు చెప్పింది నేను రాసినదానికన్నా లోతుకు పోయింది. హక్కు, అధికారం రెండూ ఒకటే అని నేను సులువుగా తేల్చాను. విన్నవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి మాట బరువు మారుతుందని మీరు చూపించారు. నేనూ మార్చొద్దనే అంటాను.

డోర్నకల్ నుంచి:
అన్నా, అక్కా, అందరికీ వందనాలు. మాట బాగానే ఉంది, దాని వాడకం గురించి నాకు బాధ ఉంది. "నేను దేవుని చేత అధికారం పొందినవాణ్ణి, నన్ను ప్రశ్నించకండి" అనే కాపరి దగ్గర మా కుటుంబం చాలా కాలం ఉంది. ఎవరి పెళ్లి ఎవరితో, ఎవరు ఏ ఉద్యోగంలో చేరాలి, అన్నీ ఆయన చెప్పాలి. కానుకల లెక్క అడిగితే తిరుగుబాటు ఆత్మ అనేవారు. దొర పోయి అయ్యగారు వచ్చినట్టయింది.

మార్కు 10:42, 43 చూడండి. "వారిలో గొప్పవారు వారిమీద అధికారము చేయుదురని మీకు తెలియును. మీలో ఆలాగుండకూడదు." విశ్వాసికి ఇచ్చిన అధికారం శత్రువు బలం మీద. సాటి విశ్వాసి మీద ఇచ్చినట్టు నాకు ఎక్కడా కనబడదు.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందే, మీరు మాకోసం ఎంతో ఇచ్చారు, మాకు స్నేహితులు కావాలి అని అడిగిన మనిషి. ఆయన బాప్తిస్మం తీసుకున్నవాళ్లను వాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలకమనేవారు. కూలికి పోయే చదువురాని మనిషి కూడా అలా పలికేవాడు. పని బిషప్‌ది మాత్రమే కాదు, నీది కూడా అని. అధికారం పంచడమంటే నాకు అదే గుర్తొస్తుంది.

హనుమకొండ నుంచి:
తమ్ముడూ, నీ బాధ న్యాయమైంది. ఆ "నాకు శ్రమ" అనే మాట కూడా 1 కొరింథీయులకు 9లోదే, 16వ వచనం. ఆ అధ్యాయమంతా అధికారం గురించే. పౌలు మొదట తనకున్న అధికారాలు వరసగా చెప్తాడు. తినే అధికారం ఉంది, పని చేయకుండా సువార్త మీద బతికే అధికారం ఉంది. వెంటనే "మేము ఈ అధికారమును వినియోగించుకొనలేదు" అంటాడు (9:12). అధికారం లేదని ఒప్పుకోడు, ఉందని వాడుకోడు. గర్వం వస్తదని భయపడిన ఆ అక్కకూ, ఆజ్ఞాపించాలన్న తమ్ముడికీ ఇద్దరికీ ఈ అధ్యాయం చదివి వినిపించాలి.

పెత్తనం అన్న మాట ఇందాక ఊరికే వాడాను గానీ, మనకు కావలసిన తేడా అందులోనే ఉంది. పెద్దతనం నుంచే పెత్తనం వచ్చింది, ఇప్పుడు ఎవరినైనా పెత్తనం చేస్తున్నాడంటే అది తిట్టే. మార్కు 10లో యేసు వద్దన్నది ఈ పెత్తనాన్ని.

కపెర్నహూములో శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీది అధికారి, చెప్పిన మాట కూడా మరచిపోకూడదు. "నేను కూడ అధికారమునకు లోబడినవాడను, నా చేతిక్రింద సైనికులున్నారు" (మత్తయి 8:9). ముందు లోబడటం చెప్పాడు, తర్వాత సైనికుల సంగతి. యాకోబు 4:7లోనూ అదే వరస. "దేవునికి లోబడియుండుడి, అపవాదిని ఎదిరించుడి." మన కూటాల్లో రెండో సగమే గట్టిగా వినిపిస్తుంది.

కాజీపేట నుంచి:
సార్, ఇప్పుడు కొంత తెలిసింది. కానీ ఆ తమ్ముడు ఊరుకోడు. ప్రార్థనలో "యేసు నామమున గద్దిస్తున్నాను" అనడం తప్పా అని అడుగుతాడు. జ్వరాన్ని కూడా గద్దిస్తారు కదా.

హనుమకొండ నుంచి:
తప్పని నేను అనను బిడ్డా. ఫిలిప్పీ పట్టణంలో పౌలు, సోదె చెప్పే ఒక పిల్లలో ఉన్న దయ్యంతో "యేసుక్రీస్తు నామమున ఆజ్ఞాపించుచున్నాను" అన్నాడు (అపొస్తలుల కార్యములు 16:18). ఆజ్ఞ ఉంది, అది ఇంకొకరి పేరు మీద ఉంది. మూడు అధ్యాయాల తర్వాత స్కెవ అనే యూదు యాజకుడి కొడుకులు దయ్యాన్ని వెళ్లగొట్టడానికి అదే పేరు వాడారు. "నేను యేసును గుర్తెరుగుదును, పౌలునుకూడ ఎరుగుదును, గాని మీరెవరు?" అని దయ్యమే అడిగింది. మాటలు అవే, కానీ వాళ్లు దేవుని పిల్లలు కారు. యోహాను 1:12లో పిల్లలగుట, అధికారము ఒకే వాక్యంలో ఎందుకున్నాయో అక్కడ తెలుస్తుంది. యూదా 9లో ప్రధానదూత మిఖాయేలు కూడా "ప్రభువు నిన్ను గద్దించును గాక" అనే అన్నాడు. ఆ తమ్ముణ్ణి ఈ మూడు చోట్లూ కలిపి చదవమను.

జ్వరం సంగతి. ప్రార్థన చేయండి, గట్టిగా చేయండి. మాత్ర మాత్రం ఆపించకండి. ఇది చెప్పకుండా ఉండలేను, గద్దించాం కదా అని బీపీ మందులు మానేసినవాళ్లను చూశాను. పౌలుకన్నా అధికారం తెలిసిన విశ్వాసి మనలో ఎవరూ లేరు. ఆయనే "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అని రాశాడు (2 తిమోతికి 4:20). తనతో ప్రయాణం చేసిన ఆ త్రోఫిముకు విశ్వాసం తక్కువని ఒక్క మాట అనలేదు.

పరకాల నుంచి:
సార్, 1 కొరింథీయులకు 11:10లో "అధికారసూచన స్త్రీకి తలమీద ఉండవలెను" అని ఉంది కదా. అక్కడ కూడా ఎక్సూసియానేనా? అయితే ఆ అధికారం ఎవరిది, మొగుడిదా, ఆమెదా?

హనుమకొండ నుంచి:
అదే మాట అమ్మా. గ్రీకులో ఉన్నది అధికారం ఒక్కటే, 'సూచన' అని అర్థం తెలియడానికి చేర్చారు. ఆ అధికారం ఆమెదే అని చదివే పండితులు ఉన్నారు, నేనూ అటే మొగ్గుతాను. కానీ అది ఇక్కడ రెండు వాక్యాల్లో తేలేది కాదు. మీరే వేరే పోస్టు పెట్టండి, ముసుగు సంగతి కూడా కలిపి మాట్లాడుకుందాం.